పేరులేని రాళ్లు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

యూనివర్సిటీలో భూగర్భశాస్త్ర విద్యార్థుల సంఘం పెడుతున్నామని, ప్రారంభ సభకు అతిథులను వెతుకుతున్నామని రాశావు. సభ సంగతి తర్వాత. ముందు ఒక చిన్న డబ్బా తెల్ల ఎనామిల్ రంగు, ఒక సీసా నల్ల ఇండియన్ ఇంకు కొనండి.

నవ్వకు. మా రోజుల్లో మేమూ సంఘం పెట్టాం. రెండేళ్లు తిరిగి బీరువా నిండా రాళ్లు పోగుచేశాం. కాగితం ముక్కల మీద ఊరి పేరు రాసి మైదా జిగురుతో అంటించాం. వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే కాగితాలన్నీ చెదలు తినేశాయి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, మధ్యమధ్య మిరియాల్లా నల్లని బయోటైట్ ఉన్న చక్కని గ్రానైట్ నా చేతిలోనే ఉంది. అది దేవరకొండదో భువనగిరిదో చెప్పలేకపోయాను. చివరికి వాటిని హాస్టల్ వెనక బురదదారిలో పరిచారు. అందుకే, రాయి మీద గోరంత మేర రంగు పూసి, ఆరాక ఇంకుతో నంబరు వేయండి. ఆ నంబరు, ఊరు, జీపీఎస్ అంకెలు నోటుపుస్తకంలో రాయి కొట్టిన చోటే రాయాలి. బస్సెక్కాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

తిరగడానికి దూరం పోనక్కర్లేదు. నల్లగొండ చుట్టూ ఉన్న గుట్టల్లో సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఉంది, దాన్ని చీల్చుకుని పైకొచ్చిన నల్లని డోలరైట్ డైకులూ, అంటే గోడల్లా నిలిచిన రాతి పట్టీలూ, ఉన్నాయి. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి వైపు వెళ్తే సున్నపురాయి. రెండు చుక్కల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుస పొంగుతుంది, మొదటి ఏడాది పిల్లలు కేరింతలు కొడతారు. నాకు మాత్రం నాగార్జునసాగర్ పరిసరాలే ఇష్టం. కింద గ్రానైట్, దాని మీద బల్లపరుపుగా పేరుకున్న శ్రీశైలం క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి. రెండూ కలిసే గీత మీద పిల్లల చేత వేలు పెట్టించి, కింది రాయికీ పై రాయికీ మధ్య, ఆ వేలి కింద, ఎన్ని కోట్ల ఏళ్లు గల్లంతయ్యాయో అడుగు.

మన జిల్లాలో రాళ్ల చదువు చివరికి బోరు నీళ్ల దగ్గరికే వస్తుంది. గ్రానైట్‌లోని అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. పటిక, సున్నంతో దాన్ని తొలగించే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. మీరు ఊళ్లకు వెళ్లి నీళ్లు పట్టండి, కానీ గాజు సీసాల్లో కాదు, ప్లాస్టిక్ సీసాల్లో. ఒక్క పరీక్ష చూసి ఊరి మధ్య నిలబడి ప్రకటించకండి. మళ్లీ పట్టి, ప్రయోగశాలలో చేయించండి. ఫ్లోరైడ్ తాగునీటి హద్దు అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందని తేలితే ఆ కాగితం ఊరివాళ్ల చేతికి ఇచ్చి, అర్థమయ్యేదాకా కూర్చుని చెప్పండి. నీళ్లు పట్టుకుపోయి మళ్లీ ముఖం చూపించనివాళ్లను ఆ ఊళ్లు చాలామందిని చూశాయి.

క్వారీ యజమాని బ్యానరుకు డబ్బిస్తానంటే వద్దను. రేపు అక్కడి దుమ్ము గురించి రాయాల్సింది మీరే. పేలుళ్ల వేళ క్వారీలోకి వెళ్లకండి. సుత్తి పట్టినప్పుడు కళ్లద్దాలు మానకండి. కోటగోడల మీద సుత్తి వేసినవాణ్ణి సంఘంలో ఉంచకు.

నా పది రెట్ల లెన్సు మీ నాన్నతో పంపుతున్నాను. తాడు పాతది, మెడలో వేసుకునే ముందు మార్చు.

మీ తాతయ్య