పోలీసు కాగితాల కంటే ముందు చదవాల్సినవి

తమ్ముడూ,

రంప పితూరీల మీద, అంటే గోదావరి మన్యంలో కొండవాళ్లు చేసిన తిరుగుబాట్ల మీద, నువ్వు రాస్తున్న నవల మొదటి అధ్యాయాలు చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేజీలోనే జనం పోలీసుల మీద పడ్డారు, ఎందుకు పడ్డారో మాత్రం ఎంతకీ తెలియలేదు. ముందుగా పోలీసు రిపోర్టులే చదివి ఉంటావు. పోలీసుకి కథ దాడి జరిగిన రోజునే మొదలవుతుంది. కొండవాళ్లకి అది ఏళ్ల కిందటే మొదలైంది.

1879 మార్చిలో రేగిన గొడవే తీసుకో. ముందు కల్లు సంగతి చూడు. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం వాళ్లకి తరాల అలవాటు. కొత్త ఆబ్కారీ నిబంధనలు దాన్ని వద్దన్నాయి, కల్లు ఆదాయాన్ని గుత్తకిచ్చాయి. ఇదే అదనుగా రంప మన్సబ్‌దారు, అంటే ఆ కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్న జమీందారు, కల్లు మీద చిగురుపన్ను వేశాడు. మరోపక్క పల్లపు వర్తకులు ఏకపక్ష డిక్రీలు తెచ్చుకునేవారు. కొండవాడు కోర్టు గుమ్మం ఎక్కకుండానే అతని ఆస్తి పోయేది.

ఇవన్నీ దొరల కాగితాల్లోనే ఉన్నాయి, రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివాన్ చేసిన విచారణలో, 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్‌లో. అలాగని సలివాన్ చెప్పిందల్లా నమ్మేయకు. నింద ఎక్కువగా మన్సబ్‌దారు మీద పడింది, మన్సబు పోయింది. మరి ఆబ్కారీ నిబంధనలు చేసింది ఎవరు? సర్కారే కదా! తప్పు ఎవరి మీదకి నెడితే ఎవరికి సుఖమో చూడు, రిపోర్టు సగం అర్థమైపోతుంది.

1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీకీ ఇదే పద్ధతి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా ఆగస్టు 22, 23, 24 తేదీల్లో దాడులు. నవలాకారుడికి ఆ మూడు రోజులూ పండగే, కాదనను. కానీ అంతకుముందు 1882 అడవి చట్టం ఉంది, అడవి కొట్టి చేసుకునే పోడు సాగు మీద ఆంక్షలున్నాయి, గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే అధికారి రోడ్డు పని చేయించుకుని కూలి సరిగా ఇవ్వలేదన్న కోపం ఉంది.

పట్టుబడ్డవాళ్ల వాంగ్మూలాలు దొరికితే ప్రశ్న ఏమిటో కూడా వెతుకు. ప్రాణభయంతో చెప్పిన జవాబు అది, పైగా రాసుకున్నది గుమాస్తా. పాటలు వాడుకో, ఎప్పుడు కట్టారో కనుక్కో. స్వాతంత్ర్యం వచ్చాక కట్టిన పాటలో రాజు వేరేలా మాట్లాడతాడు.

చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి వెళ్తానన్నావు కదా. అక్కడ జుడీషియల్ ఫైళ్లతో ఆగిపోకు, రెవెన్యూ, అటవీ శాఖలవి కూడా అడుగు. బోర్ కొడతాయి, అయినా చదువు.

మీ అన్నయ్య