గెడ్డను గడ్డగా దిద్దవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర, వరి పండించే చిన్న పల్లె. ఊరి పరిచయం రాసుకున్నాం. 'ఊరికి తూర్పున గెడ్డ, పడమట గరువు' అన్నచోట గెడ్డ తప్పనీ, గడ్డ అని దిద్దమనీ ఒకరన్నారు. ఊరి పేరు చివరి 'వలస' చిన్నతనంగా ఉందనీ, 'పురం' అని మార్చుకుందామనీ కుర్రాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం: గెడ్డ జోలికి పోకండి. కళింగాంధ్రలో గెడ్డ అంటే వాగు. విశాఖ దగ్గరి మేఘాద్రిగెడ్డ, సాలూరు వైపున్న పెద్దగెడ్డ జలాశయాల పేర్లలో ఉన్నది ఈ మాటే. తక్కిన తెలుగునాట గడ్డ అంటే ఒడ్డు, మట్టిపెళ్ల, దుంప. అలా దిద్దితే మీ ఊరి తూర్పున నీరు పోయి నేల మిగులుతుంది. 'గెడ్డ పొంగి నాట్లు మునిగాయి' అనేచోట 'గడ్డ పొంగి' అని చూసిన గుంటూరు పాఠకుడికి ఏం బోధపడుతుంది? బయటివారి కోసం మొదటిసారి మాత్రం 'గెడ్డ (వాగు)' అని రాయండి, చాలు. గరువు పక్కన 'మెట్ట' అని అలాగే ఒకసారి. జనం పలికే తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి మీ పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసినవారే.

ఇక వలస. విడిగా వాడితే ఉన్న ఊరు విడిచిపోవడం. ఊళ్ల పేర్ల చివర అది చోటును చెబుతుంది: కదలివచ్చినవాళ్లు కుదురుకున్న ఊరు. విజయనగరం జిల్లాలో కొత్తవలస, చింతలవలస ఉన్నాయి. అక్కడెవరూ దాన్ని తక్కువగా చూడరు. పురం తగిలిస్తే మీ పెద్దలు మరోచోటి నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నారన్న గుర్తు పేరులోంచి చెరిగిపోతుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1 నుంచి మీ ప్రాంతం ఒడిశాలో ఉంది; రికార్డుల్లో పేర్లు ఒడియా లిపిలో ఉంటాయి. ఆ లిపిలో ఎ-ఏలకూ, ఒ-ఓలకూ వేర్వేరు గుర్తులు లేవు. 'కొత్త' అన్నా 'కోత్త' అన్నా రాత ఒక్కటే. మన వకారం తరచు బకారమవుతుంది. అకారాన్ని ఒకారంలా గుండ్రంగా పలుకుతారు. అందుకే బోర్డు చూసి తెలుగులోకి ఎత్తి రాస్తే వలస కాస్తా 'బలస' అవుతుంది, విని రాస్తే 'బొలొసొ' కూడా కావచ్చు. మీ ఊళ్లో ముసలివాళ్ల చేత 'గెడ్డలో దిగాను', 'ఫలానా వలస వెళ్లాను' అని రెండుమూడు సార్లు అనిపించి, చెవికి వినబడిన హ్రస్వదీర్ఘాలతో రాసుకోండి. భూమి పట్టాలోని ఒడియా రాతను మాత్రం ఉన్నదున్నట్టే ఎత్తిరాసి, దాని కింద మీ తెలుగు పేరు చేర్చండి. కాగితాల్లో అక్షరం తేడా వస్తే అమ్మకాల దగ్గర, పంపకాల దగ్గర చిక్కు పడుతుంది.