మూర్ఛ, బద్దెపురుగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో ఎవరూ పంది మాంసం ముట్టరు. అయినా అమ్మాయికి ఫిట్స్ వస్తే స్కాన్ తీసి, మెదడులో బద్దెపురుగు తిత్తి ఉందన్నారు. ఇదెలా జరుగుతుంది?

జవాబు: సరిగా ఉడకని పంది మాంసంలోని తిత్తిని (పురుగు పిల్ల ఉన్న నీటి బుడగను) మింగితే పేగులో పురుగు పెరుగుతుంది, అంతే. మెదడులో తిత్తులు కట్టేది మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోయినప్పుడు. పురుగు ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటపడి చేతులకు, కూరగాయలకు, నీళ్లకు అంటుకుంటాయి. అందుకే శాకాహారులకూ వస్తుంది. పేగులో పురుగు ఉన్న మనిషికి సాధారణంగా బాధేమీ ఉండదు. మలంలో తెల్లటి చదును ముక్కలు పడటమే ఆనవాలు. కాబట్టి ఇంటిల్లిపాదికీ, వంట చేసేవారితో సహా, మలపరీక్ష చేయించండి. గుడ్లు రోజూ పడవు కనుక ఒక్క పరీక్షతో లేదని తేల్చకూడదు.

ప్రశ్న: మా ఊళ్లో మూర్ఛ రోగులు ఎక్కువ. బడిలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర వేస్తున్నారు కదా, అది చాలదా?

జవాబు: చాలదు. ఆ 400 మి.గ్రా. ఒక్క మోతాదు ఏలికపాముల మీద బాగా పనిచేస్తుంది, బద్దెపురుగు మీద నమ్మలేం. పైగా పురుగు పెద్దవాళ్లలోనూ ఉంటుంది. దీనికి పెద్దలకైతే నిక్లోసమైడ్ 2 గ్రాములు ఒకేసారి నమిలి మింగిస్తారు, లేదా ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున ఒకేసారి ఇస్తారు.

రెండిట్లో ఊరందరికీ వేయడానికి నిక్లోసమైడే మేలని మా అభిప్రాయం. అది పేగు దాటి రక్తంలోకి దాదాపుగా పోదు. ప్రాజిక్వాంటెల్ పోతుంది, మెదడులో తిత్తులున్నాయని తెలియనివాళ్లలో అవి చచ్చి చుట్టూ వాపు వస్తే తలనొప్పి, ఫిట్స్ రావచ్చు. అందుకే మాత్ర చేతికిచ్చే ముందే అడగాలి: ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? విడవని తలనొప్పి ఉందా? చర్మం కింద గట్టి గడ్డలున్నాయా? ఏ ఒక్కదానికి అవునన్నా మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి. హడావుడి శిబిరాల్లో ముందుగా ఎగిరిపోయేవి ఈ ప్రశ్నలే. మాత్ర వేసుకున్నాక కొద్ది రోజులు పురుగు ముక్కలు, గుడ్లు పడతాయి. మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడుక్కోవడం అప్పుడు మరీ ముఖ్యం.

మనుషులకు వేసి పందుల్ని వదిలేస్తే వాటి మాంసంలోని తిత్తుల వల్ల మనుషులకు మళ్లీ పురుగు పట్టి, కథ మొదటికే వస్తుంది. పందులకు ఆక్స్‌ఫెండజోల్ కిలోకు 30 మి.గ్రా. ఒకసారి ఇస్తారు, టీకా కూడా ఉంది. మందు వేసిన పందిని, మాంసానికి కోయకుండా ఆగాలని లేబుల్ మీద రాసిన రోజులు దాటేదాకా కోయకూడదు. ఉత్తర పెరూలోని టుంబెస్ ప్రాంతంలో 2004లో మొదలైన కార్యక్రమం చివరి దశలో మనుషులకూ పందులకూ కలిపి మందులిచ్చి, పందులకు టీకా వేశారు. 107 గ్రామాల్లో 105 చోట్ల వ్యాప్తి ఆగింది.

ఒకటి మాత్రం ఊరివాళ్లకు ముందే చెప్పండి: ఊరందరికీ మాత్రలు వేసే ఈ కార్యక్రమం ఇప్పటికే మెదడులో ఉన్న తిత్తులను తీసేయదు. తిత్తి చేరిన కొన్నేళ్లకు కూడా మూర్ఛ బయటపడవచ్చు. మరుసటి ఏడాదే రోగులు తగ్గలేదని మాత్రలు మానుకోవద్దు. మూర్ఛ మందులు వాడుతున్నవారు వాటిని ఆపకూడదు.

ప్రశ్న: తిత్తులున్న మాంసాన్ని గుర్తుపట్టేదెలా?

జవాబు: కండలో బఠానీ గింజంత తెల్లటి నీటి బుడగలు కనిపిస్తాయి. కొద్దిగా ఉంటే కోతలో కంటపడవు, కనుక లోపల ఎక్కడా గులాబీ రంగు మిగలకుండా ఉడికించండి. మైనస్ 15 డిగ్రీల దగ్గర 3 రోజులు గడ్డకట్టించినా చస్తాయి. పైపైన ఉప్పు రాసినంత మాత్రాన చావవు.