ఏఆర్-15 రైఫిల్ పేరులో 'ఏఆర్' అంటే 'అసాల్ట్ రైఫిల్' అనేనా?

కాదు, 'ఏఆర్' అన్నది 1950లలో ఆ తుపాకీని రూపొందించిన అమెరికా కంపెనీ ఆర్మలైట్ పేరు నుంచి వచ్చింది. 1959లో ఆ కంపెనీ దాని హక్కులను కోల్ట్ అనే మరో తుపాకుల కంపెనీకి అమ్మేసింది. అమెరికా సైన్యం వాడిన ఎం16 రైఫిల్ దాని నుంచి పుట్టిందే, అందుకే రెండూ చూడటానికి కవలల్లా ఉంటాయి.

తేడా లోపల ఉంది. పౌరులు కొనే ఏఆర్-15లో మీట (ట్రిగ్గర్) నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే వెలువడుతుంది. తర్వాతి తూటా దానంతట అదే గొట్టంలోకి చేరుతుంది. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటారు. మీట నొక్కి పట్టుకుంటే తూటాలు ఆగకుండా వచ్చేది ఆటోమేటిక్. 1986 మే తర్వాత నమోదైన అలాంటి తుపాకులను అమెరికాలో సాధారణ పౌరులు కొనలేరు.

తుపాకుల మీద టీవీ చర్చలో ఈ విషయానికి కొత్త వ్యక్తి "దుకాణంలో ఆటోమేటిక్ తుపాకులు ఎందుకు అమ్ముతున్నారు?" అంటాడు. అవతలివారు "అవి ఆటోమేటిక్ కావు" అని పట్టుకుంటారు. ఇక మిగిలిన సమయమంతా నిఘంటువుకే సరి! ఆ దిద్దుబాటు నిజమే, కానీ అసలు ప్రశ్నకు అది జవాబు కాదు. 30 తూటాలు పట్టే మ్యాగజైన్ (తూటాల పెట్టె) పెట్టిన సెమీ ఆటోమేటిక్ కూడా వేలు కదిలినంత వేగంగా పేలుతుంది.

చాలామంది పొరబడేది మరొకచోట. 'అసాల్ట్ రైఫిల్' సైనిక పదం, ఆటోమేటిక్‌గా కూడా పేల్చగల రైఫిల్‌ను అలా అంటారు. 'అసాల్ట్ వెపన్' చట్టంలోని మాట. 1994 నుంచి 2004 దాకా అమల్లో ఉన్న అమెరికా ఫెడరల్ నిషేధం ఈ రెండో పదాన్నే వాడింది. అందులో కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకులను పేర్లతోనూ, మరికొన్నింటిని పిస్టల్ పిడి, మడత పెట్టే బట్ (భుజానికి ఆనించే వెనుక భాగం) వంటి లక్షణాలను బట్టీ నిర్వచించారు.