జన్యుక్రమం చెప్పినంత వరకే

చిరంజీవికి ఆశీస్సులు.

మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి నీవు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం మీద నీకున్న ఆసక్తి ప్రతి పేరాలోనూ కనిపిస్తున్నది. అయితే, బ్యాక్టీరియా జన్యుక్రమం, అంటే దాని డీఎన్‌ఏలోని రసాయన అక్షరాల వరుస, చదివితే దానిపై ఏ మందు పనిచేస్తుందో తెలిసిపోతుందన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ మాట కొన్ని క్రిముల విషయంలో చాలావరకు నిజం, మరికొన్నిటి విషయంలో సగమే నిజం. ఆ తేడాను పాఠకుడికి పట్టి చూపించడమే ఈ రంగం గురించి రాసేవారి అసలు పని అని నా నమ్మకం.

నీవు క్షయతో మొదలుపెట్టడం మంచిది. దాదాపు 44 లక్షల అక్షరాల ఆ క్రిమి జన్యుక్రమం 1998లో పూర్తిగా వెలువడింది. క్షయ క్రిమి ఇతర బ్యాక్టీరియా నుంచి నిరోధక జన్యువులను తెచ్చుకోదు. తన జన్యువుల్లో వచ్చే మార్పుల వల్లనే మందును తప్పించుకుంటుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు సంగతే చూడు. క్రిమి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసుకునే ఎంజైమును ఆ మందు అడ్డుకుంటుంది. దానికి లొంగని క్రిముల్లో అత్యధిక భాగానికి, ఆ ఎంజైముకు సంబంధించిన ఆర్‌పీఓబీ అనే జన్యువులో, 81 అక్షరాల చిన్న ప్రాంతంలోనే మార్పు కనిపిస్తుంది. క్షయ క్రిమి మెల్లగా పెరుగుతుంది కనుక దానిని ప్రయోగశాలలో పెంచి మందులతో పరీక్షించడానికి వారాలు పడుతుంది. ఆ కొద్ది అక్షరాలను నేరుగా చదవగలిగితే రోగి అన్ని వారాలు పనిచేయని మందు మింగవలసిన అవసరం ఉండదు. ఏ మార్పు ఏ మందుకు నిరోధకతనిస్తుందో తెలిపే పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించి, 2023లో సవరించింది. ఆ సవరణ సంగతి కూడా రాయి. ఈ జ్ఞానం ఇంకా పెరుగుతూనే ఉన్నదని పాఠకుడికి తెలియాలి.

సూడోమోనాస్ ఎరుజినోసా అనే మరో బ్యాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి ఇంత స్పష్టత ఉండదు. మందును కణం బయటికి తోసివేసే పంపుల జన్యువులు ఆ జాతిలో సహజంగానే ఉంటాయి. అవి ఏ మోతాదులో పనిచేస్తున్నాయన్న దానిపై నిరోధకత ఆధారపడుతుంది. జన్యువు ఉన్నదని క్రమం చెబుతుంది గానీ, అది ఎంత చురుకుగా ఉన్నదో అన్నిసార్లూ చెప్పలేదు. అందుకే క్రిమిని పెంచి, మందు పెట్టి చూసే పాత పరీక్షకు నేటికీ విలువ తగ్గలేదు. నీ వ్యాసంలో ఆ పరీక్షను కాలం చెల్లిన పద్ధతిగా కొట్టిపారేశావు. ఆ వాక్యం తీసివేయి.

ప్లాస్మిడ్‌ల గురించి, అంటే బ్యాక్టీరియాలో ప్రధాన జన్యుపదార్థానికి వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్కల గురించి, ఒక్క పంక్తితో సరిపెట్టావు, నిజానికి అక్కడే నిలబడి రాయాలి. కొలిస్టిన్ అనేది మిగతా మందులు విఫలమైనప్పుడు వాడే చివరి అస్త్రాల్లో ఒకటి. దానికి నిరోధకతనిచ్చే ఎంసీఆర్-1 జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరొక బ్యాక్టీరియాకు మారగల ప్లాస్మిడ్ మీద ఉన్నదని 2015లో చైనా పరిశోధకులు ప్రకటించారు. వెంటనే అనేక దేశాల ప్రయోగశాలలు తాము అంతకుముందే చదివి దాచుకున్న జన్యుక్రమాలను మళ్లీ వెతికి, ఆ జన్యువు తమ దగ్గర కూడా ఉన్నదని గుర్తించాయి. ఒకసారి చదివిన క్రమాన్ని, చదివిననాడు ఎవరికీ తోచని ప్రశ్న కూడా తరువాత అడగవచ్చు. నన్ను ఈ రంగం వైపు లాగినది ఇదే. నీ వ్యాసానికి కూడా ఇదే బలం కాగలదు.

ఎవరి నుంచి ఎవరికి సోకిందన్న విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్కడ మనుషుల మీద నింద పడుతుంది. 2011లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల క్లినికల్ సెంటర్‌లో, కార్బపెనెమ్ అనే శక్తివంతమైన యాంటీబయాటిక్ మందులకు లొంగని క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా 18 మంది రోగులకు సోకింది. మొదటి రోగి ఇంటికి వెళ్లిన మూడు వారాల తరువాత గానీ రెండో కేసు బయటపడలేదు కనుక, రెండింటికీ సంబంధం ఉన్నదా అన్న సందేహం సహజంగానే వచ్చింది. జన్యుక్రమాల పోలిక ఆ సంబంధాన్ని తేల్చింది. అయితే ఒకే రోగి శరీరంలో వేర్వేరు చోట్ల తీసిన నమూనాల మధ్య కూడా కొద్ది అక్షరాల తేడాలు కనిపించాయి. ఏ రోగి ఎప్పుడు ఏ వార్డులో ఉన్నాడన్న వివరాలను జతచేసిన తరువాతే వ్యాప్తి మార్గం ఒక రూపానికి వచ్చింది. రెండు క్రిములు దగ్గరి బంధువులని మాత్రమే జన్యుక్రమం చెప్పినప్పుడు, ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి అంటించాడని నీవు రాయకూడదు.

ఒక నిరోధక రకం ఫలానా దేశంలో పుట్టిందని రాసేముందు కూడా, ఆ దేశంలో ఎన్ని నమూనాలు చదివారో, పొరుగు దేశాల్లో ఎన్ని చదివారో చూడు. ఎక్కువ చదివినచోట ఎక్కువ కనిపిస్తాయి. అసలు చదవనిచోట ఏమీ కనిపించదు. నీ మూడో పేరాలోని పటం ఈ ప్రశ్నకు నిలబడదు కనుక, దేశాలవారీగా నమూనాల సంఖ్యను దాని పక్కనే చేర్చి తిరిగి పంపించు.