నడక బిగుసుకుపోయింది, రిపోర్టులో ‘కైనెసిన్’ అని ఉంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మా అబ్బాయికి 26 ఏళ్ళు. ఇంటర్ రోజుల నుంచి నడక తేడాగా ఉంది. కాళ్ళు బిగుసుకుపోతాయి, చెప్పులు వేళ్ళ దగ్గరే అరిగిపోతాయి. చేతులు, మాట, మింగడం మామూలే. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. ఈమధ్య జీన్ టెస్టు చేయిస్తే కేఐఎఫ్5ఏ అనే జీన్‌లో మార్పు ఉందని, అది కైనెసిన్ ప్రోటీన్‌ది అని రాశారు. నెట్‌లో కొడితే ఏఎల్‌ఎస్ అనే ప్రాణాంతకమైన నరాల జబ్బు అని వస్తోంది. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వాడికింకా చెప్పలేదు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ నెట్ కట్టేయండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఏఎల్‌ఎస్ కాదు, హెరిడిటరీ స్పాస్టిక్ పారాప్లీజియా, అంటే జీన్ల వల్ల కాళ్ళు బిగుసుకుపోయే జబ్బు. రెండూ ఒకే జీన్ కింద కనబడతాయి కాబట్టి సెర్చ్‌లో భయంకరమైనదే పైకి వస్తుంది, ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. నిర్ధారణ మాత్రం మీ న్యూరాలజిస్టు అబ్బాయిని పరీక్షించి చెప్పాల్సిందే, ఉత్తరం చూసి నేను తేల్చేది కాదు.

కైనెసిన్ అంటే ఏమిటో చెప్తాను, అప్పుడు రిపోర్టు అర్థమవుతుంది. నరాల కణానికి కావలసిన సరుకంతా దాదాపు దాని మొదట్లోనే, కణకేంద్రకం ఉన్న చోటే తయారవుతుంది. అక్కడి నుంచి తోక చివరి దాకా మోసుకెళ్ళాలి. ఆ మోత పని చేసే కూలీ కైనెసిన్. దీన్ని 1985లో అమెరికాలోని వుడ్స్‌హోల్‌లో స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరాల మీద పనిచేస్తూ రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ గుర్తించారు. కణంలో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలుంటాయి. వాటి మీద కైనెసిన్ నిజంగానే ఒక్కో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. అడుగు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణం వాడుకునే ఇంధనం) అణువు ఖర్చు, సెకనుకు సుమారు వంద అడుగులు. ఇక మెదడు నుంచి నడుము దాకా దిగే నరాల పొడవు అర మీటరు పైమాటే అనుకుంటే, ఎక్కడా ఆగకుండా నడిచినా చివరికి చేరడానికి వారం పడుతుంది! అందుకే కైనెసిన్ నడకలో కొద్దిపాటి లోపం వచ్చినా పొట్టి నరాలు నెట్టుకొచ్చేస్తాయి, పొడవాటివి దెబ్బతింటాయి. అవి కాళ్ళకు సంబంధించినవి. మీ అబ్బాయికి చేతులు బాగుండి కాళ్ళే బిగుసుకోవడం ఈ లెక్కకు సరిపోతోంది.

మనుషుల్లో కైనెసిన్ జీన్లు 45 ఉన్నాయి. అందులో కేఐఎఫ్5ఏ తయారుచేసే ప్రోటీన్ పొడవు 1032 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ దండలోని పూసలు). మొదటి 330 దాకా ఉన్న భాగమే గొట్టాన్ని పట్టుకుని అడుగు వేసేది. స్పాస్టిక్ పారాప్లీజియా తెచ్చే మార్పులు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి, 2002 నుంచీ తెలిసిన సంగతి. ఏఎల్‌ఎస్ సంగతి 2018లో బయటపడింది, ఆ మార్పులు ఉండేది మాత్రం రెండో కొసన, తోకలో. పని లేనప్పుడు ఈ ప్రోటీన్ తనంతట తాను ముడుచుకుని ఊరుకోవడానికి ఆ తోక కావాలి. అది చెడితే ప్రోటీన్ అదుపు లేకుండా తిరుగుతుంది, గుంపులు గుంపులుగా పేరుకుపోతుంది. ఒకచోట కైనెసిన్ నడక తగ్గడం వల్ల జబ్బు, ఇంకోచోట ఆగకపోవడం వల్ల జబ్బు. జీన్ ఒకటే అయినా రెంటినీ ఒకటిగా చూడకూడదు. రిపోర్టులో ‘పి’ అనే అక్షరం, చుక్క, తర్వాత అక్షరాల మధ్య ఒక అంకె ఉంటుంది, అది ఎక్కడ పడిందో డాక్టరు గారిని అడగండి. పక్కనే ‘పేథోజెనిక్’ (జబ్బు తెచ్చేది) అని రాశారో, ‘అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్’ అని రాశారో కూడా చూడండి. రెండోదైతే ఆ మార్పుకు అర్థం ఇంకా తేలలేదని. అప్పుడు మీ దంపతుల రక్తం కూడా పరీక్షిస్తే కొంత తేలుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, వెళ్ళి కూర్చుని మాట్లాడండి.

జబ్బుని వెనక్కి తిప్పే మందు ఇప్పటికి లేదు. బిగుతుకి బ్యాక్లోఫెన్ ఇస్తారు, డోసు ఎక్కువైతే ఆ బిగుతు మీదే నిలబడుతున్న కాళ్ళు సడలిపోతాయి కాబట్టి మీ అంతట మీరు పెంచొద్దు. రోజూ ఫిజియోథెరపీ ముఖ్యం. చాలామందిలో స్పాస్టిక్ పారాప్లీజియా నెమ్మదిగా నడుస్తుంది, మామూలు రకంలో ఆయుష్షు తగ్గదు. మార్పు జబ్బు తెచ్చేదే అని తేలితే, రేపు అతని పిల్లల్లో ఒక్కొక్కరికి రావడానికి సగం అవకాశం. ఆ నిర్ణయాలు తీసుకోవాల్సింది అతనే, అందుకని దాచకండి. ఇరవై ఆరేళ్ళ మనిషి, రిపోర్టు అతనిది.

ప్రశ్న: మాది మేనరికం. పాపకి నాలుగేళ్ళు, నడక రాలేదు, ఫిట్స్ వస్తాయి. కేఐఎఫ్1ఏ అన్నారు. మా అత్తయ్య, అంటే మా మేనత్తే, ‘మా వంశంలో లేదు, నీ వైపు నుంచే వచ్చింది’ అంటోంది. నిజమేనా?
– ఒక అమ్మ, ఏలూరు

జవాబు: మీ అమ్మానాన్నల్లో ఒకరు ఆవిడ తోబుట్టువే కదమ్మా, ఇక ‘నీ వైపు, నా వైపు’ ఏమిటి? ఆ సంగతి అలా ఉంచితే, ఇదీ ఒక కైనెసిన్ జీనే. కేఐఎఫ్1ఏ వల్ల చిన్నప్పుడే తీవ్రంగా వచ్చే జబ్బులో ఎక్కువ భాగం కొత్తగా, ఆ బిడ్డలోనే పుట్టిన మార్పు వల్ల వస్తుంది. తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. ప్రతి ఒక్కరిలో ఈ జీన్ రెండు కాపీలుంటాయి, ఒక్క కాపీ చెడితే చాలు. దానికీ మేనరికానికీ సంబంధం లేదు. ఇద్దరి నుంచీ చెరో చెడిన కాపీ వస్తేనే బయటపడే రకం కూడా ఉంది, మేనరికాల్లో దాన్ని తప్పకుండా అనుమానించాలి. మీది ఏదో తేలాలంటే పాపతో పాటు మీ ఇద్దరి నమూనాలు చూడాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే రెండో రకమైతే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు భయం ఉంటుంది, మొదటిదైతే చాలా తక్కువ (సున్నా అని మాత్రం చెప్పలేం). ఇంకో బిడ్డ అనుకునే ముందే ఈ పరీక్ష చేయించుకోండి, గర్భం వచ్చాక పరుగులు పెట్టడం కష్టం.

పాపకి కంటి నరం కూడా పరీక్ష చేయించండి, ఈ జబ్బులో అది మెల్లగా పాడవుతుంది, చిన్నపిల్లలు చూపు తగ్గిందని చెప్పలేరు. అమెరికాలో ఒక పాపకి ఆమె మార్పుకే సరిపోయేలా తయారుచేసిన మందు ఇచ్చారని, కొంత మేలు కనిపించిందని 2024లో ప్రచురించారు. ఒక్క బిడ్డ అనుభవం అది, ఆ మందు మీ పాపకి పనికొస్తుందని దాన్ని బట్టి అనుకోలేం. ‘స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి’ అని ఎవరైనా అంటే మాత్రం డబ్బు కట్టొద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చేయించిన హార్ట్ జీన్ ప్యాకేజీలో ‘కేఐఎఫ్6 రిస్క్’ అని వచ్చింది. ఇది కూడా కైనెసినే అంటున్నారు. కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్ర వాడుతున్నాను, డోసు మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. కేఐఎఫ్6లో ఒక మార్పు ఉంటే గుండెపోటు ఎక్కువని, స్టాటిన్ బాగా పనిచేస్తుందని 2008 ప్రాంతంలో కొన్ని అధ్యయనాలు వచ్చాయి, వెంటనే టెస్టు కూడా అమ్మకానికి వచ్చింది. తర్వాత వేలమందిని తీసుకుని చూస్తే ఆ సంబంధం నిలబడలేదు, 2011లో అమెరికాలో మందులకు, టెస్టులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఆ టెస్టుకు ఆమోదం ఇవ్వలేదు. ఇంకా ప్యాకేజీల్లో ఎందుకు పెడతారంటే, లిస్టు పొడుగ్గా కనిపించడానికి. మీ బీపీ, షుగరు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతో అవి చూపించి డోసు సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి.