పసుపు రాసిన బూట్లు, నాన్నతో 32 కిలోమీటర్లు

ఇంట్లోవాళ్లతో కలిసి ఆరుబయట నడిస్తే ఒంటికి మంచిదేగానీ, మనసుకీ భక్తికీ కూడా ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు. మా ఇంటి సంగతి చెప్తాను.

మాది విశాఖ. నాలుగేళ్ల కిందట నాన్నకి షుగరని మాకు తెలిసింది. డాక్టరు నడవమన్నారు. ఒక్కరినే పంపితే నాలుగో రోజుకి మానేస్తారని నేనూ పొద్దున్నే బీచ్ రోడ్డుకి బయల్దేరాను. మొదటి వారమంతా క్రికెట్టూ, కరెంటు బిల్లూ. రెండో వారంలో ఒకరోజు, సముద్రం వైపు చూస్తూ నింపాదిగా అన్నారు: షుగరని ఆయనకి ఆర్నెల్ల ముందే తెలుసట. అమ్మకి తెలిస్తే పండగ పూట కూడా పరమాన్నం వండదని, మాత్రలు ఆఫీసు సంచిలో దాచి వేసుకున్నారట! ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఈ మాట వచ్చేది కాదు. నడిచేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు కదా.

ఒంటి విషయానికొస్తే, పనిచేస్తున్న కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. భోజనమయ్యాక పావుగంట నడిచినా తేడా కనిపించేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం. మోస్తరంటే మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. నాన్న విష్ణు సహస్రనామం రాగం తీసి చదువుతున్నారంటే వేగం పెంచాలని నాకు గుర్తు. పొద్దుటి వెలుతురుకి రాత్రి నిద్ర కూడా కుదురుకుంది. (విటమిన్ డి కోసమైతే ఆరింటి ఎండ చాలదు, ఆ మాట నమ్మకండి.) నాన్న షుగరు తగ్గింది. ఈలోపు మందులూ మారాయి కాబట్టి మొత్తం నడక పుణ్యమే అనలేను.

ఇక భక్తి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం అప్పన్న కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ ఉంటుంది, 32 కిలోమీటర్లు. రెండేళ్ల కిందట నాన్న వెళ్దామన్నారు. గొడవంతా చెప్పుల దగ్గర. షుగరున్నవాళ్లకి కాళ్లు మొద్దుబారి దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు, ఉత్త కాళ్లతో నడవొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. "బూట్లేసుకుని ప్రదక్షిణేట్రా? అప్పన్న ఊరుకుంటాడా?" అని నాన్న. కాలికి పుండు పడితే వచ్చే ఏడు ప్రదక్షిణే ఉండదని నేను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు చూస్తే, అలవాటైన పాత బూట్లు ఉతికి, డాబా మీద ఎండేసి, ముందు భాగానికి పసుపు రాస్తున్నారు.

కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరాం. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక. దారి పొడుగునా ఎవరో ఒకరు మజ్జిగ, పులిహోర చేతిలో పెడుతూనే ఉన్నారు. అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి లేచాం. నేను తెలివిగా తడి కాళ్లకే సాక్సులు తొడుక్కున్నాను. ఇసుకతోట దాటేసరికి రెండు మడమలకీ బొబ్బలు. అప్పటిదాకా ఆయన్ని నేను కనిపెట్టుకుని ఉన్నాను, అక్కణ్నుంచి ఆయన నన్ను. కంచరపాలెం వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. ముందు ఎవరో ముసలావిడ "అప్పన్నా" అంటే వెనక వందమంది అందుకుంటున్నారు. ఎప్పుడు మొదలుపెట్టానో తెలీదు, నేనూ అంటున్నాను. గుడికి పెద్దగా వెళ్లే మనిషిని కాను. ఆ గంటసేపు మాత్రం బొబ్బలూ, ఆఫీసు టెన్షనూ, లోను వాయిదాలూ ఏవీ గుర్తు లేవు. దాన్ని భక్తి అంటారో, అలసట అంటారో మీ ఇష్టం.

మీ ఇంట్లోనూ షుగరు మాత్రలు వేసుకునేవాళ్లుంటే దూరం నడకకి ముందు డాక్టరుని అడగండి, దారిలో షుగరు మరీ పడిపోతే వేసుకోవడానికి జేబులో గ్లూకోజు బిళ్లలు ఉంచుకోండి. 32 కిలోమీటర్లకి మేం రెండు నెలల ముందు నుంచి ఆదివారాలు దూరం పెంచుకుంటూ వచ్చాం.

ఈసారి అమ్మా వస్తానంటోంది. మోకాళ్లు సహకరించవు కాబట్టి హనుమంతవాక దాకా ఆటోలో, అక్కణ్నుంచి అప్పూఘర్ దాకా మాతో నడిచి. ఆవిడ బూట్లకి పసుపు రాసే పని నాన్న తీసుకున్నారు.